ఇంటి కింద చెరువు మన్ను

కార్తీకంలో ముసురు పట్టి అది నాలుగో రోజు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. నా భార్య చారు వంచుతోంది. హాల్లో తుపాకి పేలినట్టు చప్పుడైంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా ఇద్దరం పరుగెత్తాం. హాలు మధ్యలో పరిచిన కడప బండ నిలువునా రెండుగా చీలింది. చీలిక దగ్గర రెండు ముక్కలూ పైకి లేచి ఎద్దు మూపురంలా నిలబడ్డాయి. మేం చూస్తుండగానే పక్క బండ అంచు కూడా సన్నగా కిర్రుమని కదిలింది.

నా భార్య తలుపు చట్రం పట్టుకుని, "భూకంపమా ఏందండీ?" అంది.

గోడకు తగిలించిన క్యాలెండరు ఊగడం లేదు. మేకుకు వేలాడే గొడుగు కదలడం లేదు. వీధిలో ఎవరూ అరవడం లేదు. "కాదు" అన్నాను. ఎవరూ తాకకుండా, గాలి కూడా లేకుండా, ఇంట్లో నేల దానంతటదే లేవడం నేను అంతకు ముందు చూడలేదు. పీట పక్కన పెట్టిన మంచినీళ్ళ చెంబు మేం తిరిగొచ్చేసరికి పక్కకు పడి, దొర్లి గోడ దగ్గరికి చేరి ఉంది. అప్పటి దాకా మా వంటింటి నేల వాలుగా ఉందని మాకు తెలియదు.

ఇది డెబ్బైల చివరి మాట. ఇల్లు కట్టి అప్పటికి రెండేళ్ళు నిండలేదు.

నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాను. పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు ఆవరణలోని వానకొలత గిన్నె తీసి, ముందు రోజు ఎంత వాన పడిందో పుస్తకంలో ఎక్కించడం నా పనుల్లో ఒకటి. ఆ అలవాటు ఇంట్లో కూడా పట్టుకుంది. ఇరవయ్యో ఏట మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ రాస్తున్నాను. జ్వరం వచ్చిన రోజు జ్వరం ఎంతో రాశాను. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: "మ. 1–10. హాలులో బండ లేచినది. ఎత్తు అగ్గిపెట్టె నిలువు. కారణము తెలియదు."

మా కాలనీ తిరుపతి ఊరి చివర, తిరుచానూరు వైపు పోయే దారిలో ఉండేది. చుట్టూ ఇంకా వేరుశెనగ చేలు. మా వరసలో ఆరిళ్ళు. మొదటిది నాది. రెండోది హైస్కూలు లెక్కల మాస్టారిది. ఆఖరిది బజారు వీధిలో బట్టల అంగడి పెట్టుకున్న సాయిబుది. ఆరిళ్ళూ ఒకే మేస్త్రి కట్టాడు. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన సాయిబు, యాభై ఏళ్ళవాడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. తాపీ, గోడ నిటారు చూసే తూకం గుండు, నేల మట్టం చూసే రసమట్టం ఒక గోనె సంచిలో వేసుకుని భుజాన తగిలించుకుని వచ్చేవాడు. మాటలు తక్కువ. ఒక ఇటుక వంకరగా ఉందనుకుంటే కట్టిన వరస మొత్తం ఊడదీయించేవాడు. ఆ నిదానం చూసి నాకు ముచ్చటేసేది. మా ఆఫీసులో ఎవరు ఇల్లు కట్టాలన్నా ఆయన పేరే చెప్పేవాడిని.

బండ లేచిన మర్నాడు వంటింటి తలుపు బిగుసుకుపోయింది. నా భార్య లోపల, నేను బయట. పొయ్యి మీద పాలు పొంగి పొగ వస్తోంది. "తలుపు నన్ను లోపల బెట్టి మింగేసింది, సూడండి" అని ఆమె నవ్వబోయింది కాని, గొంతులో నవ్వు లేదు. గడ్డపారతో గడప పక్కన చెక్క చెక్కి తెరిచాను. తలుపు పైన, చట్రం మూల నుంచి కప్పు దాకా, మెట్లు మెట్లుగా పగులు. ఐదు పైసల బిళ్ళ దూరుతుందేమో చూశాను. దూరింది. పెన్సిలుతో పగులుకు రెండు వైపులా గీతలు గీసి, పక్కన తేదీ రాశాను.

ముసురు ఆరో రోజుకు లెక్కల మాస్టారింట్లో గోడ పడింది. వెనక వసారా గోడ. లోపలికి కాదు, బయటికి, పెరట్లోకి. ఆ గోడ పక్కనే రోలు. మాస్టారి భార్య రోట్లో పిండి రుబ్బుతూ, ఉప్పు మరిచిపోయానని లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె ఉప్పు చేత్తో పట్టుకుని తిరిగొచ్చేసరికి రోలు కనిపించలేదు. మేం పరుగెత్తి వెళ్ళినప్పుడు ఆమె ఆ పిడికిలి విప్పకుండా అట్లాగే నిలబడి ఉంది. "ఉప్పు మర్సిపోయినానక్కా. ఉప్పు మర్సిపోయినా" అని నా భార్యతో సాయంత్రం దాకా అదే మాట. ఇటుకలు తీస్తే, పిండిలో సున్నం కలిసిపోయి ఉంది. రుబ్బే గుండు రెండు ముక్కలై ఉంది.

ఆ సాయంత్రం మా ఇంటి వసారాలో ఐదిళ్ళ వాళ్ళం చేరాం. ఐదిళ్ళలోనూ బండలు లేచాయి, తలుపులు బిగిశాయి, గోడలు పగిలాయి. ఆరో ఇంట్లో మాత్రం ఏమీ కాలేదు. బట్టల అంగడి సాయిబు కూడా వచ్చాడు కాని మెట్టు మీదే నిలబడ్డాడు.

లెక్కల మాస్టారు ఆ రోలు మాటే ఎత్తాడు. "ఒక్క నిమిషమప్పా. ఒక్క నిమిషం ముందరైతే నా పెండ్లాం ఆ రోటి కాడనే ఉండు. సున్నంలో యిసక ఎక్కువేసినాడు ఆ మేస్త్రి. ఇంకేముండాది కారణం?"

మాకు ఎవరికీ ఇంకో కారణం తోచలేదు. మా కాలనీ ఇళ్ళ సొసైటీకి ఫిర్యాదు రాయాలన్నారు. ఆఫీసులో అర్జీలు రాసి రాసి నా చెయ్యి తిరిగినది కాబట్టి నేనే రాశాను. వస్తువులలో మేం లోపం చేయలేదని నిరూపించడానికి అన్నీ వివరంగా పెట్టాను. పునాదికి మంచి బండరాయి ఇచ్చాం. బాగా కాలిన ఇటుక ఇచ్చాం. పునాది గోడల మధ్య, నేల కింద బేస్‌మట్టం నింపడానికి సైతం మా స్వగ్రామం చెరువు నుంచి శ్రేష్ఠమైన మన్ను ట్రాక్టర్లతో తెప్పించాం. కాబట్టి లోపం పనితనంలోనే ఉన్నది. ఆ వాక్యం రాసినప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఏర్పేడు దగ్గర మా ఊరి చెరువు మన్నంటే చుట్టుపక్కల రైతులు ఎండాకాలంలో బండ్లు కట్టుకుని వచ్చి తోలుకుపోతారు. ఆ మన్ను వేసిన మడిలో వరి నడుమెత్తు పెరుగుతుంది. నా ఇంటికి తెప్పిస్తున్నానని విని మిగతా నలుగురూ అడిగి మరీ తెప్పించుకున్నారు. అందరి దగ్గరా మా ఊరి పేరు నిలబడిందనుకున్నాను.

ఐదుగురం సంతకాలు పెట్టాం. కాగితం బట్టల సాయిబు ముందుకు చాచాను. ఆయన తీసుకోలేదు.

"సార్, ఇంగొక్క తూరి ఆలోసన జెయ్యండి. మా ఇల్లు గట్టింది గూడా ఆయనే గదా. అదే సున్నం, అదే కూలోళ్ళు. మాది పగల్లేదే."

"మీది యెందుకు పగుల్తాదప్పా," అన్నాడు లెక్కల మాస్టారు. "మీవాడు గదా. మీకు బాగనే కడతాడు."

వసారాలో ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. సాయిబు నా ముఖం వైపు కొంతసేపు చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇప్పుడు చదివితే సిగ్గు వేస్తుంది: "బట్టల సాయిబు సంతకము చేయలేదు. కారణము తెలిసినదే."

వారం తిరక్కుండా మేస్త్రి వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేనూ అనలేదు. తిరుచానూరులో యాత్రికుల కోసం రెండంతస్తుల లాడ్జి కట్టడానికి ఆయనకు అప్పటికే తాంబూలం ఇచ్చారు. ఆయన జీవితంలో అంత పెద్ద పని అదే. మా ఫిర్యాదు సంగతి లాడ్జి యజమాని చెవిన పడింది. కాలనీవాళ్ళు కాగితం వెనక్కి తీసుకుంటే తప్ప నువ్వు రావద్దన్నాడట.

"సార్, నా సున్నంలో తప్పుంటే నా ముందర గీరి సూడండి" అన్నాడు. నా జవాబు కోసం ఆగకుండా సంచిలో నుంచి తాపీ తీసి, ప్రహరీ పక్కగా నడిచి వచ్చి, మా ఇంటి బయటి గోడకు పడిన పగులు దగ్గర ఇటుకల మధ్య సున్నాన్ని బలంగా గీకాడు. పొడి రాలలేదు. తాపీ మొన మెరిసింది. "సూసినారా? ఇది పగిలిన గోడ గాదు సార్. నెట్టిన గోడ. లోపలి నుంచి బయటికి నెట్టినారు."

అప్పటికే మిగతా ఇళ్ళవాళ్ళు బయటికి వచ్చారు. లెక్కల మాస్టారు తన గేటు దాటి వచ్చాడు. "యెవురు నెట్టినారు? దెయ్యమా? మా ఆడది సస్తా బతికింది, నీకు ఎగతాళిగా ఉండాదే!"

"దెయ్యం గాదు. కింద ఉండేది నెట్టింది. నేను కట్టే పొద్దే సెప్పినా గదా, ఈ సార్‌కి."

అందరూ నా వైపు చూశారు. కాలనీలో ఏ తగువు వచ్చినా, ఎప్పుడు కరెంటు వచ్చింది, ఎప్పుడు కుళాయి వేశారు అన్నా, నా డైరీ మాటే ఆఖరు. ఆ గర్వంతోనే ఆ మాట నా నోట్లో నుంచి వచ్చేసింది. "ఏం చెప్పినావు మేస్త్రీ? నా డైరీలో అట్లాంటిదేం లేదే."

నేను డైరీ తెరిచి చూడలేదు. ఇల్లు కట్టిన ఏడాది డైరీ ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. లేదని నాకు నిజంగానే అనిపించింది. అంతే. కాని నేను చూసి చెబుతున్నానని అందరూ అనుకున్నారు. మేస్త్రి కూడా అలాగే అనుకున్నాడు. "డైరీలో లేదా" అన్నాడు మెల్లగా. తాపీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. తిరుచానూరు లాడ్జి పని చిత్తూరు నుంచి వచ్చిన వేరే మేస్త్రికి పోయింది. మా వైపు ఆయనకు ఒక్క గోడ పని కూడా దొరకలేదని తరువాత విన్నాను.

నేను మాత్రం పగులు కొలవడం మానలేదు. ప్రతి ఆదివారం పొద్దున స్నానం చేసి, బిళ్ళలు, పోస్టుకార్డు, ఇన్‌లాండు కవరు తీసుకుని గోడ దగ్గర నిలబడేవాడిని. ఏది దూరితే అది రాసేవాడిని. ఉగాదికి సున్నం కొట్టించినప్పుడు ఆ పగులు ఉన్న మేర వదిలేయమన్నాను.

"ఇల్లంతా తెల్లంగా, మద్దెన మీ లెక్క" అంది నా భార్య. "వచ్చినోళ్ళు సూసి ఇదేం బొమ్మ అంటే నేనేం సెప్పేది?"

కార్తీకంలో ఐదు పైసల బిళ్ళ దూరిన సందులో పుష్యానికి పోస్టుకార్డు మాత్రమే దూరింది. వైశాఖానికి ఇన్‌లాండు కవరు కూడా కష్టం మీద దూరింది. నేల కూడా దిగిపోయింది. మూపురంలా లేచిన బండలు తిరిగి కుంగాయి. ఇప్పుడు నేలకూ గోడ అడుగుకూ మధ్య, చెయ్యి పట్టేంత ఖాళీ వచ్చింది. పక్క పేజీలో నేనే రాసుకున్న వానకొలత ఉంది. వాన పెరిగిన వారం పగులు పెరిగింది, ఎండలు ముదిరిన వారం తగ్గింది. రెండు అంకెల వరసలూ నా చేతిరాతలోనే పక్కపక్కన ఉన్నాయి. నేను చూశాను. చూసి, సున్నం నాసిరకం కాబట్టి నీళ్ళు పీలుస్తోందని రాసుకున్నాను. అనుకున్నదానికి సరిపోయే కారణం దొరికితే, ఇంకో కారణం వెతికే ఓపిక నాకు కూడా ఉండేది కాదు.

వైశాఖంలో మా నాయన కంటి డాక్టరుకు చూపించుకోవడానికి ఊరి నుంచి వచ్చాడు. గృహప్రవేశం నాడు ఒక పూట ఉండి పోయిన తరువాత మళ్ళీ రావడం అదే. భోజనం చేసి, గోడకు ఆనుకుని కూర్చుని, చెయ్యి పక్కన పెట్టబోతే ఆ ఖాళీలోకి దిగింది.

"ఏందిరా ఈ సందు? పాములు దూరతాయే."

"పని బాగా చేయలేదు నాయనా మేస్త్రి" అన్నాను.

నాయన వినలేదు. చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి, ఒక గడ్డ పెకలించి తీశాడు. కళ్ళు సరిగా కనిపించక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. వేళ్ళతో నలిపాడు. అది నలగలేదు, రాయిలా ఉంది. ఉమ్మి తడి చేసి మళ్ళీ నలిపాడు. నల్లగా జిగురుగా వేళ్ళకు పట్టుకుంది.

"ఒరే, ఇది మన చెరువు మన్ను గదరా!"

"అవును నాయనా. నువ్వూ చిన్నాయనా పంపించినదే. బేస్‌మట్టం నింపినాం గదా."

"ఇంటి కిందికా?" నాయన చెయ్యి అలాగే గాల్లో నిలిచిపోయింది. "ఇంటి కింద ఏసినావా? సెట్లకని గదరా అనుకుంటి! ఎనిమిది ట్రాక్టర్లు గావాలని కబురంపితివే, మామిడి తోపు పెడతాడేమో ఈడు అని నేనూ మీ చిన్నాయనా నవ్వుకుంటిమి."

చెయ్యి కడుక్కోమని నీళ్ళ చెంబు ఆయన ముందు పెట్టాను.

"మన దిగువ సేని గట్టు రాయి ఏటా ఏమైతా ఉండె?" అన్నాడు నాయన.

"వాలుతుండె."

"యెవురు నిలబెడతా ఉండిరి?"

"నేనే నాయనా."

"ఎండకు నెర్రెలు ఇచ్చుకపోతాది, వానకు ఉబ్బుతాది, దాని గుణమే అది. ఆ రాయిని మీ పెదనాయన జరిపినాడని మూడేండ్లు ఆయనతో మాట్టాడకుంటి నేను. నా సేతికి గడ్డపార ఇచ్చి పోట్లాటకు బొమ్మన్నోళ్ళు గూడా ఉండారు. జరిపింది మన్నురా. రాయినే నిలబెట్టలే, ఇంటిని నిలబెడతాదా?"

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆ చేలో నడుస్తుంటే, నెర్రెల్లో కాలు మోకాలు దాకా దిగేది. వాటిని దూకుతూ ఆడుకున్నాం. ఒకసారి మేకపిల్ల ఇరుక్కుంటే తీయడానికి నాయనను పిలుచుకొచ్చాను. ఆ నేల కదులుతుందని నాకు నడక వచ్చినప్పటి నుంచి తెలుసు. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. ఆఫీసులో నా బల్ల వెనక బీరువాలో సర్వే రాళ్ళ మీద తగువుల అర్జీలు ఒక అరంతా ఉండేవి. అందులో నల్లమట్టి చేలవే ఎక్కువ. "భూమి స్వభావము చేత రాయి ఒరిగినది, ఎవరూ జరపలేదు" అని తాసిల్దారు సంతకానికి నేనే ఎన్నోసార్లు రాసి పెట్టాను. అదే మన్ను తెచ్చి నాలుగు గోడల మధ్య మూసి, దాని మీద బండలు పరిచి, నిద్రపోయాను. నేను చెడడమే కాక మరో నలుగురిని చెరిచాను. ఆ రోలు మీద గోడను నెట్టింది నా ఊరి మన్ను.

అప్పుడు లేచి ట్రంకు పెట్టె తెరిచాను. అడుగున ఉన్న డైరీ తీసి, బేస్‌మట్టం నింపిన వారం పేజీ వెతికాను.

"మన ఊరి చెరువు మన్ను 8 ట్రాక్టర్లు దిగినవి. శ్రేష్ఠమైనది. నాయన, చిన్నాయనల దయ. మేస్త్రి గొణిగినాడు. గరుసు కావలెనట. సమ్మతించలేదు."

నాలుగైదు సార్లు చదివాను. సిరా నాదే, చెయ్యి నాదే. గరుసంటే ఎర్రటి గులకమట్టి. అది ఉబ్బదు, కుంగదు. అది అడిగాడని నేనే రాసుకుని, నా డైరీలో లేదని ఐదుగురి ముందు చెప్పాను. ఒక మనిషి పనీ పేరూ ఆ ఒక్క మాటతో పోయాయి.

నా భార్య పక్కకు వచ్చి నిలబడి ఆ పేజీ చదివింది. నేను పుస్తకం మూశాను. ఇంకెవరూ నా డైరీలు చదవరు. అది తిరిగి ట్రంకు అడుక్కు పోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చిందని ఆమె కనిపెట్టింది కాబోలు.

"ఆ పొద్దు అందరి ముందర లేదన్నారు గదా," అంది. "అందరి ముందరే ఉందని సదవండి."

సాయంత్రం చదివాను. అదే వసారాలో. బట్టల అంగడి సాయిబును నేనే వెళ్ళి పిలుచుకు వచ్చాను. ఈసారి కుర్చీ వేసి కూర్చోబెట్టాను. చదవడం అయ్యాక లెక్కల మాస్టారు తల పట్టుకున్నాడు.

"అంటే మాకందరికీ ఆ మన్ను అంటగట్టింది నువ్వే గదప్పా! దొంగను నీ అర్జీలోనే పేరు పెట్టి పొగిడి, పక్కోణ్ణి పట్టిస్తివే!"

"నేనే మాస్టారూ."

"భాయ్, మరి మీ ఇంట్లో ఏం పోసినారు?" అని సాయిబును అడిగాడు ఆయన.

"మేస్త్రి గరుసన్నాడు. గరుసు పోసినాం" అన్నాడు సాయిబు. "నాకు సేన్లు లేవు సార్, సెరువు లేదు. మన్ను గురించి నాకేం తెలుసు? తెలిసినోడు సెప్పినాడు, ఇన్నా."

మాస్టారు ఆయన ముఖంలోకి చూడలేక నేల వైపు చూశాడు. ఆ రోజు అన్న మాటకు క్షమించమని అప్పుడు అడగలేదు. కొన్ని రోజుల తరువాత సాయిబు అంగడికి వెళ్ళి అడిగాడని విన్నాను. నేను మాత్రం అక్కడే అడిగాను, నేను ఆ మాట అనకపోయినా ఊరుకున్నందుకు.

మర్నాడు ఫిర్యాదు తప్పని ఐదుగురం సంతకాలు చేసి సొసైటీలో ఇచ్చాం. ఒక నకలు తీసుకుని తిరుచానూరు పోయాను. లాడ్జి గోడలు అప్పటికే రెండో అంతస్తు దాకా లేచాయి. యజమాని కాగితం చదివి, "ఇప్పుడేం జేసేదప్పా? గోడలు లేసిపోయినాయే" అన్నాడు. ఆయనను తప్పు పట్టలేను. పరంజీల నీడలో కొంతసేపు నిలబడి, శ్రీకాళహస్తి బస్సు ఎక్కాను.

మేస్త్రి స్వర్ణముఖి వంతెన దగ్గర ఒక హోటలు వంటింట్లో ఉన్నాడు. మట్టీ ఇటుకలతో పొయ్యి కడుతున్నాడు. ఇళ్ళు కట్టిన చేతులతో పొయ్యిలు కట్టడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. లేవలేదు.

"రండి సార్. ఇప్పుడు నేను గూడా మన్ను పనే."

ఎదురుగా బోర్లించిన గిన్నె మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. డైరీ తెరిచి ఆ పేజీ చదివాను. "మేస్త్రి గొణిగినాడు" దగ్గరికి వచ్చేసరికి ఆయన తాపీ ఆపాడు.

"ఏమన్నారు? మళ్ళా సదవండి."

చదివాను.

"గొణగలేదు సార్," అన్నాడు. "సెప్పినా. గట్టిగానే సెప్పినా. ఆ మన్ను పిడికెడు తీసి, తడిపి, ఉండ జేసి మీ మెట్టు మీద ఎండలో పెట్టినా. సాయంత్రానికి నాలుగు దిక్కులా పగిలింది. మిమ్మల్ని పిల్సి సూపించినా. మీరేమన్నారు? 'మేస్త్రీ, ఇది వరి పండే మన్ను, నీకేం తెలుసు' అన్నారు. కూలోళ్ళంతా నవ్వినారు."

అప్పుడు ఆ ఉండ కళ్ళ ముందుకు వచ్చింది. నిమ్మకాయంత ఉండ. పగుళ్ళు పడి, నాలుగు రెబ్బలుగా విడిపోయి మెట్టు మీద ఉన్న ఉండ. నేను దాన్ని చెప్పు కాలితో పక్కకు తన్నిన సంగతి కూడా గుర్తొచ్చింది. ఆ రోజు పేజీలో ఇవేమీ లేవు. అన్నేళ్ళుగా నేను నిజమే రాస్తున్నాననుకున్నాను. చెప్పిన మనిషి మాట నాకు నచ్చకపోతే, నా కలం దాన్ని గొణుగుడు చేసి పెట్టిందన్నమాట.

"ఆ మాట కొట్టెయ్యండి" అన్నాడు మేస్త్రి.

డైరీలో రాసిన మాట నేను ఎప్పుడూ కొట్టేయలేదు. తప్పు రాస్తే మర్నాడు పేజీలో సవరణ రాయడమే నా పద్ధతి. అది ఆయనకు చెప్పబోయి ఊరుకున్నాను. జేబులో నుంచి పెన్ను తీసి, "గొణిగినాడు" మీద గీత కొట్టి, పైన "చెప్పినాడు. ఉండ చేసి చూపినాడు" అని రాశాను. మేస్త్రికి తెలుగు చదవడం రాదు. పుస్తకం నా చేతిలో నుంచి తీసుకుని, చేతికి ఉన్న మట్టి అంటకుండా అంచు పట్టుకుని, బయట గల్లా దగ్గర కూర్చున్న హోటలు యజమాని దగ్గరికి తీసుకువెళ్ళాడు.

"ఇందులో ఏం రాసుండాదో గట్టిగా సదువన్నా."

నా మాట మీద ఆయనకు నమ్మకం లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. టిఫిన్ తింటున్న నలుగురూ తల ఎత్తి చూస్తుండగా హోటలాయన చదివాడు: "మేస్త్రి చెప్పినాడు. ఉండ చేసి చూపినాడు. గరుసు కావలెనట. సమ్మతించలేదు."

మేస్త్రి తల ఆడించాడు. పుస్తకం నాకు ఇచ్చి, పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. నేను ఇంటి నేల బాగు చేయడానికి వస్తావా అని అడిగాను.

"ముందర ఆ మన్నంతా తీపించండి. గరుసు తెప్పించండి. తెప్పించినాక కబురు బెట్టండి. వచ్చేదీ రానిదీ అప్పుడు సెప్తా."

జ్యేష్ఠంలో ఐదిళ్ళ బండలూ తీశాం. తవ్విన మన్ను వీధిలో మనిషెత్తు పోశాం. లోపల అది ఎండి, పలకలు పలకలుగా విడిపోయి ఉంది. నాయన కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి, వృథా కానీయనని ప్రతి ఇంటి వాళ్ళనూ పట్టుకుని పెరట్లో చెట్ల మొదళ్ళకు వేయించాడు. సొసైటీలో ఇళ్ళు కట్టుకోబోయే వాళ్ళు ఆ గుట్టలు చూడడానికి వచ్చేవారు. ఇదేమిటని అడిగిన ప్రతివాడికీ మొదటి నుంచి చివరి దాకా నేనే చెప్పాను. మేస్త్రి పేరు, ఊరు కూడా చెప్పాను. వాళ్ళలో ఇద్దరు తరువాత ఆయన దగ్గరికి పోయారు. లాడ్జి మాత్రం తిరిగి రాలేదు.

గరుసు దిగాక కబురు పెట్టాను. మూడు రోజులు ఏమీ తెలియలేదు. నాలుగో పొద్దున, కూలీలు హాల్లో గరుసు పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసలతో కొడుతుండగా మేస్త్రి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. భుజాన అదే గోనె సంచి. నాతో మాట్లాడలేదు. చెప్పులు విడిచి గరుసు మీద నడిచాడు. నాలుగు మూలల్లోనూ మడమతో గట్టిగా తొక్కి చూశాడు. వంటింటి వైపు మూలలో మడమ దిగబడింది. గుమ్మంలో నిలబడిన నా భార్య వైపు తిరిగాడు.

"ఈ మూల సాల్లేదమ్మా. ఇంకో వరస పోసి కొట్టించండి."

ఇంకో వరస పోయించాం. మధ్యాహ్నం దాకా కొట్టించాం. ఆయన మళ్ళీ తొక్కి చూసి, సంచిలో నుంచి రసమట్టం తీశాడు.

ఆ రోజు డైరీలో రెండే ముక్కలు ఉన్నాయి: "వంటింటి మూల చాలలేదని మేస్త్రి చెప్పినాడు. చేసినాము."